పొలుసు చదివి చేప వయసు చెప్పడం: పదకొండేళ్లు వాడిన తరువాత

కృష్ణా నది మీది ఒక జలాశయం ఒడ్డున చేపల పొలుసులు సేకరించి, కడిగి, వాటి మీది వలయాలు లెక్కపెట్టి వయసు రాసే పనిలో నాకు పదకొండేళ్లు నిండాయి. బొచ్చె, శీలావతి, మృగాల చేపలకు మూడు నాలుగేళ్ల వయసు దాకా ఈ పద్ధతి చెప్పే మాటను నేను నమ్ముతాను. అంతకు మించిన చేప విషయంలో అది చెప్పే అంకెను కనీస వయసుగా మాత్రమే రాస్తున్నాను. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు దాదాపు ఆరేళ్లు పట్టింది.

పనిముట్ల ఖర్చు చాలా తక్కువ. వీపు రెక్క మొదలుకు కింద, పార్శ్వ రేఖకు (చేప పక్క వెంబడి తల నుంచి తోక దాకా సాగే గీతకు) పైన ఉన్న రెండు మూడు వరుసల నుంచి పది పొలుసులు తీసి చిన్న కాగితపు కవరులో వేసి, దాని మీద పెన్సిలుతో సంఖ్య రాస్తాను. మొదటి ఏడాది పెన్నుతో రాస్తే తడికి సిరా కరిగి రెండు వారాల శ్రమ మట్టిపాలైంది. ఇంటికి తెచ్చాక నీళ్లలో నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా రుద్దితే జిగురు పొర ఊడి వస్తుంది. మొండికేసిన వాటికి మాత్రమే పలచటి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వాడతాను. రెండు గాజు పలకల మధ్య బిగించి, ఎవరో వదిలించుకున్న పాత మైక్రోఫిల్మ్ రీడరులో పెడితే పొలుసు అరచేయంత పెద్దదిగా తెర మీద కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కంటే నాకు ఇదే సుఖం, ఎందుకంటే ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకే గీత మీద వేలు పెట్టి వాదించుకోవచ్చు.

పది పొలుసుల్లో మూడు నాలుగు పనికిరానివే ఉంటాయి. పొలుసు ఎప్పుడైనా ఊడిపోతే దాని చోట మొలిచిన కొత్తదానికి నడిమి భాగం తుడిచిన పలకలా ఖాళీగా ఉంటుంది, అది పోయిన కాలం సంగతి చెప్పలేదు. పది తీయమనడం అందుకే.

ఇక అసలు చదువు. చేపతో పాటు పొలుసూ పెరుగుతుంది, పెరిగే కొద్దీ అంచున సన్నటి గీతలు చేరుతాయి. మేత బాగా దొరికి ఒళ్లు చేసే రోజుల్లో గీతల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది, ఎదుగుదల మందగించిన రోజుల్లో అవి ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. ఆ ఒత్తు ముగిసి మళ్లీ ఎడం మొదలయ్యే చోటే ఏడాది వలయం. 1898లో జర్మనీలో హాఫ్‌బావర్ అనే శాస్త్రవేత్త వయసు ముందే తెలిసిన చెరువు కార్ప్ చేపల పొలుసుల మీద దీన్ని నిరూపించారు. అక్కడ చలికాలం అంత కఠినంగా ఉంటుంది కాబట్టి వలయం గీసినట్టు పడుతుంది. మన నీళ్లకు అంత చలి ఎక్కడిది? పెద్ద చేపలకు వానాకాలంలో గుడ్లు పెట్టే శ్రమ ఒక కారణమంటారు, కానీ ఇంకా గుడ్లు పెట్టని చిన్న చేపలకూ వలయం పడుతుంది గనుక, చలి నెలల్లో మేత తగ్గడం కూడా కలుస్తుందని ఒప్పుకోవాలి. అందువల్ల వేరే నది మీద ఎవరో చెప్పిన నెలను మన జలాశయానికి అంటగట్టకూడదు. చివరి వలయం నుంచి అంచు దాకా ఉన్న దూరాన్ని నెల నెలా కొలుస్తూ పోతే, ఆ దూరం ఒక్కసారిగా పడిపోయిన నెలలో కొత్త వలయం పడిందని తెలుస్తుంది. ఆ పడిపోవడం ఏడాదికి ఒక్కసారే కనిపిస్తేనే వలయాన్ని ఏడాదిగా లెక్కించే హక్కు మనకు వస్తుంది.

దొంగ వలయాలు ఈ పద్ధతికి పెద్ద బెడద. వేసవిలో నీరు బాగా దిగినా, జబ్బు చేసినా, గీతలు కొంత మేర ఒత్తుగా పడతాయి. నిజమైన వలయాన్ని పొలుసు రెండు పక్కలా వెంబడించవచ్చు. పక్కల్లో పాత గీతల చివరలను కొత్త గీత అడ్డంగా కోసుకుంటూ వెళ్తుంది. దొంగ వలయం ఒక పక్క కనిపించి, రెండో పక్కకు వచ్చేసరికి మాయమవుతుంది.

నా నమ్మకాన్ని పరీక్షించుకోవడానికి కొల్లేరు వైపు ఒక రైతు చెరువు నుంచి, వయసు తెలుసనుకున్న శీలావతులు తెప్పించుకున్నాను. ఆయన ఏడాది చేపలన్నారు. ప్రతి పొలుసులోనూ నడిబొడ్డు చుట్టూ గీతలు కిక్కిరిసి, ఆ తరువాత ఒక్కసారిగా విచ్చుకుని, చివర ఇంకో వలయం కనిపించింది. నా కళ్లే మోసం చేశాయనుకుని నెల రోజులు బాధపడ్డాను. తీరా మళ్లీ అడిగితే ఆయన లెక్క చెరువులో వదిలిన రోజు నుంచి. అంతకు ముందు ఆ పిల్లలను ఏడాది పాటు చిన్న చెరువులో ఒత్తుగా పెట్టి, ఎదగనీయకుండా ఆపి ఉంచారు. మన ఆక్వా రైతులందరికీ తెలిసిన పద్ధతే, అడగాలని నాకే తోచలేదు. రైతు మాట కంటే పొలుసు నిజం చెప్పిన సందర్భం అది, కానీ అదే కిక్కిరిసిన మచ్చను జలాశయం చేపలో చూసినప్పుడు అది ఏడాది వలయమా, పిల్లను తెచ్చి వదిలిన నాటి గుర్తా అని ఇప్పటికీ తడబడతాను.

ఇంకో లోపం నాలో ఉండేది. కవరు మీద చేప పొడవు కూడా రాసేవాణ్ణి; పెద్ద చేప అని తెలిశాక కంటికి వలయాలు కూడా ఎక్కువగానే కనిపించేవి. ఇప్పుడు సంఖ్య తప్ప ఏమీ రాయను, నెల తరువాత అదే పొలుసును మళ్లీ చదువుతాను, రెండు లెక్కలు కలవకపోతే పక్కన పెడతాను. పాత వలయాల దూరాన్ని బట్టి గడిచిన ఏళ్లలో చేప పొడవెంతో లెక్కగట్టేవారు ఒకటి గమనించాలి: పిల్ల గుడ్డు నుంచి బయటికి వచ్చిన నాడు దానికి పొలుసే ఉండదు, కాబట్టి పొలుసు మొలిచే నాటికి దానికున్న పొడవును సూత్రంలో కలపకుండా నేరుగా నిష్పత్తి వేస్తే మొదటి ఏడాది చేప ఉండవలసిన దాని కంటే బుల్లిగా తేలుతుంది.

ముసలి చేపల దగ్గర ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. ఎదుగుదల దాదాపు ఆగిపోయాక అంచున వలయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఉత్తర అమెరికాలో బిగ్‌మౌత్ బఫెలో అనే మంచినీటి చేప పాతికేళ్లు బతుకుతుందనుకుంటూ ఉండగా, 2019లో చెవి రాళ్లను (చేప లోపలి చెవిలో పొరలు పొరలుగా పెరిగే గట్టి ముక్కలను) కోసి చూసి, అణు పరీక్షల వల్ల వాటిలో చేరిన రేడియో కార్బన్‌తో సరిచూస్తే 112 ఏళ్ల చేప తేలింది. అలాగని మనం వెంటనే చెవి రాళ్లకు మారిపోవడం తేలిక కాదు. కార్ప్ జాతుల్లో సాగిట్టా అనే రాయి సూదిలా సన్నగా ఉండి తీసేటప్పుడే విరుగుతుంది, లాపిల్లస్ అనే ఇంకో రాయిని వెతికి తీసి అరగదీయాలి. పైగా దానికి తల చీల్చాలి. మార్కెట్లో పొలుసులు అడిగితే ఊరికే ఇస్తారు. బొచ్చె తలకాయ అడిగితే పులుసు వండుకునేవాళ్ల ధర చెబుతారు. చేపలు కోసే ఒక పెద్దావిడ నేను వంగి పొలుసులు ఏరుతుంటే, "ఏం బాబూ, దాని జాతకం చూస్తున్నావా?" అని నవ్వేది. పొలుసే లేని జెల్లలకు ఈ జాతకం పనిచేయదు, వాటికి పక్క రెక్క ముల్లును అడ్డంగా కోసి చూడాలి.

చేపను చంపకుండా, అమ్మేవాడి సరుకు చెడగొట్టకుండా వందల చేపల వయసు తెలుసుకోవడానికి నాకు దీని కంటే చవకైన మార్గం దొరకలేదు, కాబట్టి వాడుతూనే ఉన్నాను. మూడేళ్ల కిందట వలలో పడిన 21 కిలోల బొచ్చె పొలుసులను నాలుగు సార్లు చదివితే అయిదు, ఏడు, ఆరు, మళ్లీ ఏడు వచ్చాయి. ఆ కవరు మీద "5, లేదా ఆ పైన" అని రాసి పెట్టాను. తలకాయ మాత్రం ఆ రోజే అమ్ముడైపోయింది.