ముందు ఒక రకం, వెనక ఒక రకం: కేమన్‌కు టైర్లు మార్చి మార్చి నడిపాక

నాలుగు టైర్లూ ఒకేసారి అరిగిపోయే కారైతే ఈ గొడవే ఉండదు. నాది పోర్షే కేమన్ ఎస్, 987 తరం, 18 అంగుళాల చక్రాలు. ముందు 235/40, వెనక 265/40; మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో. ఇంజను సీట్ల వెనకే ఉంటుంది కాబట్టి బరువు ఎక్కువగా వెనక చక్రాల మీదే పడుతుంది, బండిని తోసేవీ అవే. దాంతో ముందు జత సగం అరిగేసరికే వెనక జత పని అయిపోతుంది. సైజులు వేరు, అటువి ఇటు మార్చుకుని సర్దుకుందామన్నా కుదరదు.

నాకు మొదటిసారి వెనకవి మార్చాల్సి వచ్చేసరికి ఆ టైరు మోడల్ తయారీయే ఆగిపోయింది. ముందు టైర్లలో ఇంకా బోలెడు రబ్బరు ఉంది. వాటిని తీసి పారేయడానికి మనసొప్పక వెనక మాత్రం వేరే కంపెనీవి వేయించాను. తర్వాత ముందువి మార్చాను, ఆపైన మళ్లీ వెనకవి. కలగలుపు టైర్లతో ఎండలో, వానలో చాలాకాలమే తిరిగాను.

పోర్షే వాళ్లు చెప్పే సూత్రం తెలిసిందే: నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఎన్ గుర్తు కూడా ఒకటే ఉండాలి. ఎన్0, ఎన్1 అని టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది, అంటే పోర్షే పరీక్షించి ఒప్పుకున్న టైరని అర్థం. బీఎండబ్ల్యూ వాళ్లు దీనికే నక్షత్రం గుర్తు వాడతారు. పేరు ఒకటే అయినా గుర్తు ఉన్న టైరుకీ లేనిదానికీ లోపలి కట్టుబడిలో తేడా ఉండొచ్చు. పాత కారుకు ఎన్ గుర్తు తప్పనిసరి అని నేననను. నాలుగూ ఒకే మోడల్ ఉండాలనే మాట మాత్రం వాడేకొద్దీ ఎంత నిజమో తెలిసింది.

మొదటి కలయికలో వెనక టైర్ల గ్రిప్‌కు వంక పెట్టడానికేం లేదు. తేడా అంతా పక్కగోడలోనే. ముందువి గట్టివి, వెనకవి కాస్త మెత్తవి. వేగంగా వెళ్తూ లేన్ మారితే స్టీరింగు తిప్పగానే ముక్కు తిరిగేది, వెనక భాగం అర క్షణం ఆలస్యంగా ఒరిగి అప్పుడు కుదురుకునేది. ఒక కాడికి దూడనీ ముదురు ఎద్దునీ కట్టినట్టుండేది వ్యవహారం. నెమ్మదిగా వెళ్లేవాళ్లకు ఇది అసలు తెలియదు. వంపు మలుపులో మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే మాత్రం వెంటనే తెలుస్తుంది: బరువు ముందుకు జారుతుంది, వెనక గోడలు ఇంకా సర్దుకుంటూనే ఉంటాయి, అరచేతులు చెమట పడతాయి. వెనక గాలి రెండు పీఎస్ఐ పెంచి చూశాను. ఆలస్యం తగ్గింది కానీ కొన్నాళ్లకు ట్రెడ్ (రోడ్డుకు ఆనే పైపొర) మధ్యభాగం ఎక్కువ అరగడం మొదలైంది. మళ్లీ పాత ప్రెజర్‌కే వచ్చేశాను.

ముందు టైర్లు అరిగాక, వెనక ఉన్న మోడలే ముందూ వేయించాను. పొడి రోడ్డు మీద కారు ఒక్కసారిగా దారికొచ్చింది. వానాకాలంలో అసలు పాఠం మొదలైంది. ముందు కొత్త టైర్లకు దాదాపు 8 మిల్లీమీటర్ల గాడి, వెనకవాటికి అందులో సగమే. నిలిచిన నీళ్లను ముందువి చక్కగా కోసేస్తాయి, స్టీరింగు చేతిలో గట్టిగా ఉంటుంది, మనకేమో ధైర్యం వచ్చేస్తుంది. నీటి మీద మొదట తేలేది మాత్రం వెనకవే. పొడవాటి మలుపులో నీటి పొర మీదికెళ్లినప్పుడు స్టీరింగు ఏ కబురూ చెప్పలేదు, సీటు కింద బండి పక్కకు జరిగినట్టయింది, మీటర్ల దగ్గర పీఎస్ఎం (బండి జారిపోకుండా చూసే పోర్షే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) దీపం మిణుకుమంది. ఎలక్ట్రానిక్స్ పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

కొత్త టైర్లు ఎప్పుడూ వెనకే వేయాలని టైర్ల కంపెనీలు చెప్పేది ఇందుకే. ముందు చక్రాలు జారితే బండి నేరుగా పోతుంది, వేగం తగ్గిస్తే మాట వింటుంది. వెనకవి జారితే తిరిగిపోతుంది, దాన్ని సరిచేయడానికి అలవాటు పడిన చేతులు కావాలి. ముందూ వెనకా వేరే సైజులున్న కారులో టైర్లు అటూ ఇటూ మార్చలేం కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే: వెనకవాటిని అరుగుదల గుర్తు, అంటే 1.6 మిల్లీమీటర్ల దాకా లాగకుండా 3 దగ్గరే తీసేయడం. పొడిలో అవి ఇంకా భేషుగ్గా పట్టుకుంటాయి, అందుకే మనసొప్పదు.

ఇంకోటి, వెనక టైర్లను బయటి నుంచి చూసి మోసపోకండి. ఈ కార్లలో వెనక చక్రాలు పైభాగం లోపలికి వాలి ఉంటాయి, నెగటివ్ కాంబర్. దానివల్ల లోపలి అంచు త్వరగా పోతుంది. బయటి గాడులు నిండుగా కనిపిస్తున్నా లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమితే నున్నగా, ఒక్కోసారి రంపపు పళ్లలా తగులుతుంది. అలైన్‌మెంట్ చేయించకుండా కొత్త జత వేయించడం అంటే రబ్బరును రోడ్డుకు ధారపోయడమే.

ఇప్పుడు నాలుగూ మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, ఎన్ గుర్తు లేనివి. దీని ట్రెడ్‌వేర్ సంఖ్య, అంటే అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె, 300. ఆ సంఖ్య చూసి రెండు కంపెనీలను పోల్చడం దండగ, ఎవరి టైరుకు వాళ్లే ఇచ్చుకునే అంకె అది. ఒకే కంపెనీ మోడళ్ల మధ్య అయితే కొంత పనికొస్తుంది. వేసిన కొత్తలో కాస్త జారుడుగా, మెత్తగా అనిపించాయి, కొన్ని వందల కిలోమీటర్లు తొందరపడకుండా నడపాలి. తర్వాత ముక్కూ తోకా ఒకేసారి తిరగడం అంటే ఏమిటో గుర్తొచ్చింది. వానలో నమ్మకం నిలబడింది. అరిగేకొద్దీ రొద పెరిగింది, అది మాత్రం ఒప్పుకోవాలి. ఇవి వేసవి టైర్లు, 7 డిగ్రీల కన్నా చలి ఉన్నచోట రబ్బరు బిగుసుకుపోతుంది, అక్కడివాళ్లకు వేరే టైర్లు కావాలి.

వెనక ఇంకాస్త వెడల్పు వేద్దామని 275/40 వైపు చూసేవాళ్లు టైరు వ్యాసం లెక్క కట్టుకోవాలి. 265/40 టైరు ఎత్తు 669 మిల్లీమీటర్లు, 275/40 అయితే 677. ముందుది 645. ఏబీఎస్, పీఎస్ఎం రెండూ చక్రాల వేగాలను పోల్చి చూస్తాయి కాబట్టి ఆ నిష్పత్తిని కదపకపోతేనే మంచిది. నాలుగు చక్రాలూ తోసే కార్లయితే ఇంకా జాగ్రత్త, ముందూ వెనకా వ్యాసాల పొత్తు చెడితే ముందూ వెనకా ఇరుసులను కలిపే కప్లింగ్ వేడెక్కి పాడవుతుంది. ఒకే ఇరుసు మీద కుడి ఎడమలకు వేరే టైర్లా, దాని జోలికే పోవద్దు. రన్‌ఫ్లాట్‌నీ (గాలి పోయినా కొంత దూరం నడిచే టైరు) మామూలు టైరునీ కలపడం కూడా అంతే.

కలపక తప్పదంటే ఎక్కువ పట్టున్నది, గట్టి గోడ ఉన్నది వెనకకే వెళ్లాలి. ముందు పదును తగ్గి కారు కాస్త బద్ధకంగా తిరుగుతుంది, అంతకు మించి నష్టం లేదు. నా వెనక జత మళ్లీ 3 మిల్లీమీటర్లకు వచ్చింది. ఇదే మోడల్ దొరికితే వెనక రెండే మారుస్తాను, ఆగిపోతే ఈసారి నాలుగూ తీసేస్తాను. కొనేముందు పక్కన ఉండే నాలుగంకెల తయారీ కోడ్ చూస్తాను, 2324 అంటే 2024లో 23వ వారం. ముందు జత అయిపోయాక వేసుకోవచ్చని అదనంగా కొని అటక మీద పెట్టను, రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది.