బైక్ జీపీఎస్ కొంటున్నారా? అందులో జీపీఎస్ ఉందో లేదో ముందు చూడండి

‘మోటార్‌సైకిల్ జీపీఎస్ నావిగేటర్, 5 అంగుళాలు, వాటర్‌ప్రూఫ్’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నవాటిలో చాలావాటికి దారి చూపడం సొంతంగా రాదు. లోపల మ్యాపు ఉండదు, కొన్నింట్లో జీపీఎస్ రిసీవరే ఉండదు. అవి కార్‌ప్లే (ఐఫోన్‌కి), ఆండ్రాయిడ్ ఆటో (ఆండ్రాయిడ్ ఫోన్‌కి) కోసం, అంటే ఫోన్‌లోని మ్యాపును పెద్దగా చూపడానికి చేసిన తెరలు. ఉపగ్రహాలను పట్టేది, దారి వెతికేది, డేటా ఖర్చుపెట్టేది అంతా మీ జేబులో ఉన్న ఫోనే. తెరగా చూస్తే అది చెడ్డ సరుకేమీ కాదు. సిగ్నల్ లేనిచోట ఆదుకుంటుందని కొంటేనే డబ్బు దండగ. నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లేటప్పుడు సిగ్నల్ పోయే చోట్లు ఎన్నో. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోకుండా బయల్దేరితే ఈ తెర మీద ఖాళీ గళ్ల మధ్య నీలి చుక్క ఒకటే కనిపిస్తుంది.

అమ్మకం పేజీలో ‘గూగుల్ మ్యాప్స్ పనిచేస్తుంది’ అని ఉండి, లోపలి మ్యాపు ఎవరిదో, అప్‌డేట్ ఎలా చేసుకోవాలో లేకపోతే అది ఉత్త తెరే అనుకోండి. ఇంటికొచ్చాక పరీక్ష సులువు. ఫోన్ స్విచాఫ్ చేసి, పరికరాన్ని ఆరుబయట పెట్టి ఆన్ చేయండి. సొంత రిసీవర్, మ్యాపు ఉన్నదైతే మీరున్న చోటు చూపించి తీరాలి. అయితే మొదటిసారి కనీసం పావుగంట ఆగండి. ఇంటర్నెట్ సాయం లేని పరికరం ఉపగ్రహాల పూర్తి పట్టికను ఆకాశం నుంచే దించుకోవాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతా ఏమీ చూపకపోతే వాపసు గడువు ముగిసేలోపే పంపేయండి. కొందరు అమ్మకందారులు ‘రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో పెడతారు. అంటే అదే తెర ఇంకొకటి వస్తుంది!

తెర సంగతి తెలిసే కొంటున్నవాళ్లు హెల్మెట్ ఇంటర్‌కమ్ (హెల్మెట్ లోపల బిగించే బ్లూటూత్ స్పీకరు, మైకు) గురించి అడగాలి. వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటోకి ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11, ఆపైది, 5 గిగాహెర్ట్జ్ వైఫై కావాలి. బ్లూటూత్ మొదట జతకలపడానికే, తర్వాత బొమ్మ, దారి చెప్పే గొంతు వైఫై మీద తెరకు చేరతాయి. అందుకే ఫోన్‌తో జతచేసిన హెల్మెట్‌లో ‘ఎడమకు తిరగండి’ అన్న మాట సాధారణంగా వినబడదు. హెల్మెట్‌ను తెరతో జతచేయాలి. ఆ తెర బ్లూటూత్‌లో శబ్దాన్ని బయటకు పంపగలదో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇక నీళ్లు. పెట్టె మీద ఉండే వాటర్‌ప్రూఫ్ రేటింగ్ ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నిలవ నీటిలో అరగంట ఉన్నా చెడకూడదు. ఆ రేటింగ్ రబ్బరు మూత మూసి ఉన్నప్పటిది. బండి మీద ఛార్జింగ్ వైరు గుచ్చే ఉంటుంది, మూత తెరిచే ఉంటుంది. పవర్ కోసం ప్రత్యేకంగా సీల్ చేసిన కనెక్టర్ ఉన్నదే కొనండి, మామూలు యూఎస్‌బీ రంధ్రం ఉన్నది వద్దు. పైగా వానచుక్కలను వేలిగా పొరబడి తెర తనంతట తనే మెనూలు తెరుస్తుంది. తాకాల్సిన పని లేకుండా బటన్లు ఉంటే నయం.

ఎక్కువ మంది బండి పాడుచేసుకునేది వైరింగ్ దగ్గర. ఈ తెరలు సుమారు 10 వాట్లు తింటాయి, అంటే 12 వోల్టుల మీద ఒక ఆంపియర్ లోపే. బ్యాటరీ ప్లస్ పక్కనే 2 ఆంపియర్ల ఫ్యూజు, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా రిలే (తాళంతో పనిచేసే చిన్న స్విచ్చు), ఈ రెండూ తప్పనిసరి. ఇంజిన్ నడుస్తుంటే లైను 14.5 వోల్టుల దాకా పోతుంది కాబట్టి, 5 వోల్టుల పరికరానికి కన్వర్టర్ లేకుండా ఇవ్వకండి. నేరుగా బ్యాటరీకి తగిలిస్తే తెర ఆఫ్‌లో ఉన్నా కరెంటు పీలుస్తూనే ఉంటుంది. 20 మిల్లీఆంపియర్లు లీకైనా రోజుకు దాదాపు అర ఆంపియర్-అవర్ పోతుంది. 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్న బండి వారం నిలబడితే సెల్ఫ్ అందుకోదు. కొలవాలంటే తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ మధ్యలో మల్టీమీటర్ పెట్టండి. ముందు 10 ఆంపియర్ల రేంజి, తర్వాత మిల్లీఆంపియర్లు. మీటరు అక్కడ ఉండగా సెల్ఫ్ నొక్కారా, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

తెర ఖర్చెందుకని ఫోన్‌నే హ్యాండిల్‌కి బిగించేవాళ్లకు ఒక మాట. బైకు ఇంజిన్ వణుకు ఐఫోన్ కెమెరాను దెబ్బతీయవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. వణుకు తగ్గించే రబ్బరు మౌంటు లేకుండా బిగించకండి.

కార్ల కోసం చవగ్గా దొరికే 7 అంగుళాల నావిగేటర్లది వేరే మోసం. చాలావాటి లోపల 256 ఎంబీ ర్యామ్, విండోస్ సీఈ 6.0. అది 2006 నాటి సాఫ్ట్‌వేర్, 2018లో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ‘లైఫ్‌టైమ్ అప్‌డేట్’ అంటే తరచుగా ఎవరో పంపే దొంగ కాపీ మ్యాపు లింకు. మ్యాపు వయసు తేల్చడానికి 2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి కోసమో, విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ కోసమో వెతకండి. కనబడకపోతే అంతకు ముందుదే. కార్లలో పెట్టే ఆండ్రాయిడ్ స్టీరియోల్లో ‘4 జీబీ’ ర్యామ్ అని సెట్టింగ్స్‌లో కనిపించే అంకెనూ నమ్మకండి. లోపలి చిప్, ర్యామ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ లాంటి యాప్ వేసి సరిచూసుకోండి. జీపీఎస్ యాంటెన్నాను స్టీరియో వెనక లోహం సందులో కుక్కేసి పోయే మెకానిక్‌లు ఉన్నారు, డ్యాష్‌బోర్డు మీద అద్దం కింద పెట్టించండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే గార్మిన్ కంపెనీ బైక్ పరికరం జూమో అసలైన నావిగేటరే, కానీ ఉత్తర అమెరికా మోడల్‌లో మన దేశం మ్యాపు ఉండదు. వలంటీర్లు కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఉచిత మ్యాపును మెమరీ కార్డులో వేసుకోవచ్చు. దారి బాగానే చూపిస్తుంది. చిరునామా వెతకడంలో మాత్రం నీరసం, మన ఇంటి నంబర్లు దానికి అర్థం కావు. అక్షాంశ రేఖాంశాలు కొట్టేటప్పుడు పద్ధతి చూసుకోండి: 17.3850 డిగ్రీలను 17 డిగ్రీల 38.50 నిమిషాలుగా కొడితే దాదాపు 28 కిలోమీటర్లు ఉత్తరానికి పోతారు.

దాంతోపాటు ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసేజ్ పరికరం మాత్రం తెప్పించకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో అది ఉండటమే నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో విదేశీ ప్రయాణికులను దీని మీదే అదుపులోకి తీసుకున్నారు.

దిగుమతి సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉండాలి. లేకపోతే వారంటీ అడగడానికి మనిషే ఉండడు. పెట్టె విప్పడం నుంచి ఫోన్ ఆపి చేసిన పరీక్ష దాకా ఆపకుండా వీడియో తీసుకోండి. అమ్మినవాళ్లు వాపసుకు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు ఆ వీడియో, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ దగ్గర ఉంచుకోండి. ఫిర్యాదు వెళ్లగానే ఆ పేజీలో మాటలు మార్చేయొచ్చు.