బ్రిటిష్ ఆర్మీ పెళ్ళి రికార్డు గుంతకల్లు నుంచి వెతికితే: దేనికి డబ్బు కట్టాలి, దేనికి అక్కర్లేదు

జీఆర్ఓ, అంటే ఇంగ్లండ్‌లోని జనరల్ రిజిస్టర్ ఆఫీసు, ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే పాత సర్టిఫికెట్లు ఇస్తుంది. బ్రిటిష్ ఆర్మీలో పనిచేసినవాళ్ళు వేరే దేశాల్లో చేసుకున్న పెళ్ళిళ్ళవి కూడా. దాని మీద రివ్యూ రాద్దామని కూర్చున్నాను కానీ, దాని ఒక్కదాని గురించే రాస్తే చదివినవాళ్ళకి నష్టం. పెళ్ళి మన దేశంలో జరిగుంటే ముందు వెళ్ళాల్సింది అక్కడికి కాదు.

మా అత్తయ్య వాళ్ళ నాన్న బ్రిటిష్ ఆర్మీలో గన్నర్, అంటే ఫిరంగి దళం సిపాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బెంగళూరు కంటోన్మెంటులో ఉండగా గుంతకల్లు రైల్వే కాలనీ అమ్మాయిని చేసుకున్నారు, యుద్ధం అయ్యాక రైల్వేలో ఉద్యోగం చూసుకుని ఇక్కడే ఉండిపోయారు. వాళ్ళ పెళ్ళి కాగితం ఇంట్లో ఒక్కటీ లేదు. 1943 అని ఒకరంటారు, 1945 అని ఇంకొకరు. అత్తయ్యకి ఎనభై దగ్గర పడుతోంది. అమ్మానాన్నల పెళ్ళి ఏ చర్చిలో జరిగిందో తెలియకుండానే పోతానేమో అని అంటూ ఉండేది. వీసాకో పాస్‌పోర్టుకో కాదు, తెలుసుకోవాలని, అంతే. ఊళ్ళో ఒక ఏజెంటు "యూకే సర్టిఫికెట్" తెప్పిస్తానని పాతిక వేలు అడిగాడు, సగం అడ్వాన్సు ముందే కట్టమన్నాడు. ఏ ఆఫీసు నుంచి తెప్పిస్తావు బాబూ అంటే మాత్రం చెప్పడు. అలాంటివాళ్ళకి రూపాయి ఇవ్వకండి, ఈ పనిలో చాలా మటుకు ఇంట్లో ఫోను ముందు కూర్చుని చేసుకోవచ్చు.

జీఆర్ఓ సైటు చూడ్డానికి పాతకాలంలా ఉంటుంది గానీ పని శుభ్రంగా జరుగుతుంది. ముందుగా తాతగారి, అంటే అత్తయ్య వాళ్ళ నాన్న, పుట్టిన రికార్డు తెప్పించాం, అది పీడీఎఫ్‌గానే వచ్చేసింది, అందులో వాళ్ళ నాన్న పేరు, అమ్మ పుట్టింటి పేరు దొరికాయి. ఈ రెండు పేర్లూ చేతిలో ఉంటే తర్వాత ఏ కాగితం దొరికినా అది మనవాళ్ళదేనా కాదా అని సరిచూసుకోవచ్చు, కాబట్టి ఈ పని ముందే చేసుకోండి. పెళ్ళికి మాత్రం పీడీఎఫ్ ఇవ్వరు, కాగితం పోస్టులోనే రావాలి. దాని ధర 2024లో 11 పౌండ్ల నుంచి 12.50కి పెంచారు. ఇంకో ముఖ్యమైన సంగతి, మన కార్డుల్లో విదేశీ చెల్లింపులు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆన్ చేసుకున్నాకే డబ్బు కట్టడానికి కూర్చోండి.

వాళ్ళ దగ్గర ఆర్మీ రికార్డులు చాలానే ఉన్నాయి. రెజిమెంటు రిజిస్టర్లు 1761 నుంచి 1924 దాకా, ఆర్మీ రిటర్నులు, అంటే ఆర్మీ నుంచి పంపిన నమోదులు, 1881 నుంచి 1955 దాకా. కానీ జీఆర్ఓ సైటులో పేరు కొట్టి వెతుక్కునే ఇండెక్సులో, అంటే పేర్ల జాబితాలో, ఇంగ్లండ్, వేల్స్‌లో జరిగిన జననాలు, మరణాలే ఉంటాయి, పెళ్ళిళ్ళు ఉండవు. ఆర్మీ పెళ్ళిళ్ళ ఇండెక్సు చూడాలంటే ఫైండ్‌మైపాస్ట్ లాంటి, కుటుంబ చరిత్ర రికార్డులు చందాకి చూపించే సైటుకి వెళ్ళాలి. మేం అక్కడ చూస్తే తాతగారి పేరే లేదు. అత్తయ్య ముఖం వాడిపోయింది, అసలు పెళ్ళి రిజిస్టరే కాలేదేమో అనుకుంది.

రిజిస్టరు అయింది, ఉన్న చోటు వేరు. ఇండియాలో సిపాయి పెళ్ళి చర్చిలో జరిగితే, పాదిరిగారు రిజిస్టరులోంచి నకలు రాసి బిషప్ ఆఫీసుకి పంపాలి, అవన్నీ ప్రెసిడెన్సీ (అప్పటి బ్రిటిష్ పెద్ద రాష్ట్రం) వారీగా పోగై, లండన్‌లో మన దేశ వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసుకి చేరేవి. ఆ కాగితాలే ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడి రికార్డుల వరసల్లో ఎన్ 1 అంటే బెంగాల్, ఎన్ 2 మద్రాసు, ఎన్ 3 బొంబాయి. మద్రాసువి 1698 నుంచి 1948 దాకా ఉన్నాయి. బెంగళూరు మైసూరు రాజ్యంలో ఉంది కదా అని మద్రాసు వైపు చూడడం మానకండి, అక్కడి కంటోన్మెంటు చర్చిలు మద్రాసు లెక్కలోకే వచ్చేవి. అలాగే మన జిల్లా పేరుతో వెతికేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది: అనంతపురం జిల్లాని బళ్ళారి జిల్లాలోంచి విడదీసింది 1882లో, అంతకు ముందు కాలానికైతే బళ్ళారి అని కూడా వెతకండి. గుత్తి పేరుతోనూ ప్రయత్నించండి.

ఈ నకళ్ళ ఇండెక్సు ఫ్యామిలీసెర్చ్ అనే కుటుంబ చరిత్ర సైటులో ఉచితం. ఫిబిస్ అని ఒక సొసైటీ ఉంది, బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర కోసం 1998లో పెట్టుకున్నది, వాళ్ళ డేటాబేసులో వెతకడమూ ఉచితమే, అదంతా వాలంటీర్లు కూర్చుని ఎక్కించింది. నాకు బాగా నచ్చింది ఇదే. ఊళ్ళ పేర్లు పాత స్పెల్లింగుల్లో ఎలా రాసేవారో, ఏ చర్చి ఎవరి కిందికి వచ్చేదో వాళ్ళ వికీలో ఓపిగ్గా రాసిపెట్టారు. ఇంటిపేరు ఒకే స్పెల్లింగుతో వెతికి వదిలేయకండి, పాత చేతిరాత చదివి ఎక్కించినవాళ్ళకి ఒక అక్షరం ఇంకోలా కనపడి ఉండొచ్చు. మాకు పెళ్ళికూతురి వైపు నుంచి వెతికితే దొరికింది.

ఇండెక్సు దొరికింది చాలు అని ఆగిపోకండి, పేజీ చూడాలి. ఫైండ్‌మైపాస్ట్‌లో ఒక నెలకి మాత్రం కట్టి పేజీ బొమ్మ తెరిచాం. అచ్చు వేసిన గళ్ళు, వాటిలో నల్ల సిరా. 1944 జనవరి. ఆయన గన్నర్, బ్యాచిలర్. ఆమె స్పిన్‌స్టర్, అంటే పెళ్ళికానిది, ఊరు గుంతకల్లు. ఆయన తండ్రి పేరు మా పీడీఎఫ్‌లో ఉన్నదే. ఆమె తండ్రి పేరు, లైసెన్సు (చర్చి ముందస్తు అనుమతి) మీద జరిగిన పెళ్ళి అని, సాక్షులిద్దరి పేర్లు. సాక్షుల్లో ఒకామె పేరు చూడగానే అత్తయ్య "అయ్యో, ఇది మా పెద్దమ్మ" అని కుర్చీలోంచి లేచేసింది. ఫోన్లో పెద్దది చేసి చూపిస్తే ఒక్కో గడీ వేలితో తడుముతూ చదువుకుంది. ఆ నెల చందా ఎంతైనా సరే, దండగ అనను.

అయితే ఒకటి గమనించండి. ఆ పేజీలో సంతకాలన్నీ ఒకే చేతిరాత. పాదిరిగారు నకలు రాసేటప్పుడు సంతకాల చోట పేర్లు కూడా తనే రాసేశారన్నమాట. అసలు సంతకాలు చర్చిలో ఉండే మొదటి రిజిస్టరులోనే ఉంటాయి. నకలులో చర్చి పేరు, తేదీ, వరస నంబరు ఉన్నాయి కాబట్టి బెంగళూరు చర్చి ఆఫీసుకి వాటితో ఉత్తరం రాసి, ఒక ఆదివారం రైలెక్కి వెళ్ళాం. తేదీ చెప్పగలిగితే వాళ్ళకి పని తేలిక, ఊరికే "మా తాతగారి పెళ్ళి" అంటే ఏ రిజిస్టరని తీస్తారు పాపం. అత్తయ్య వాళ్ళమ్మ సంతకం అక్కడ ఉంది, చివరి అక్షరం దగ్గర సిరా కొంచెం పాకింది. సర్టిఫైడ్ కాపీ కూడా చర్చి నుంచే తీసుకున్నాం, ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్టు 1872 కింద రిజిస్టరు ఉన్నవాళ్ళు ఫీజు తీసుకుని ఇవ్వాలి. జీఆర్ఓకి పెళ్ళి ఆర్డరు పెట్టే అవసరమే రాలేదు.

పెళ్ళి సింగపూర్‌లోనో ఈజిప్టులోనో జర్మనీలోనో జరిగుంటే కథ వేరు, అప్పుడు ఆర్మీ ఇండెక్సు, జీఆర్ఓ దారే సరైంది, డబ్బు అక్కడ పెట్టండి. క్యాథలిక్ కుటుంబాలైతే లండన్ నకళ్ళలో దొరకకపోయినా నిరుత్సాహపడొద్దు, అందరివీ అక్కడికి చేరలేదు, నేరుగా చర్చినే అడగండి.

ఇంకా తాతగారి సర్వీసు రికార్డు మిగిలింది. యుద్ధకాలపు ఆర్మీ ఫైళ్ళని బ్రిటిష్ రక్షణ శాఖ 2022 నుంచి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి విడతలుగా మారుస్తోంది. ఆయన పుట్టి 115 ఏళ్ళు దాటలేదు కాబట్టి మరణ ధ్రువీకరణ పత్రం జత చేయాలి. అది మునిసిపాలిటీలో తీసుకోవడానికి మా ఆయన సోమవారం వెళ్తున్నారు.