34కి 34: మోకాళ్ల తరఫున నాలుగు మాటలు

ఈ సైకిల్ బరువెంత, ఫ్రేము దేంతో చేశారు, బ్రేకులు ఏ రకం, ఇవన్నీ ఎక్కడ చూసినా దొరుకుతాయి. కంపెనీ పేరు కూడా పక్కన పెడుతున్నా, ఎందుకంటే నేను చెప్పబోయేది ఇప్పుడు చాలా కంపెనీల రోడ్డు సైకిళ్లలో వస్తున్నదే. ముందు పెడల్ దగ్గరుండే పళ్లచక్రాల్లో (చైన్‌రింగ్) చిన్నదానికి 34 పళ్లు, వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తిలో (క్యాసెట్) అన్నిటికన్నా పెద్దదానికీ 34 పళ్లే. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది, అంటే కొండెక్కడానికి తేలికైన గేరు. దక్షిణ ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో ఉంటూ, వారాంతాల్లో పైన తార్న్ జిల్లా కొండల్లో కొన్నేళ్లుగా తొక్కుతున్నాను. ఈ ఒక్క గేరు కోసం ఇదే సైకిల్ మళ్లీ కొనమన్నా కొంటాను. కాకపోతే ఈసారి ఒక చిన్న ముక్క విడిగా అడిగి మరీ తీసుకుంటాను. ఆ ముక్క సంగతి తర్వాత.

ఫ్రాన్స్‌లో ఎక్కుడు అనగానే అందరూ పిరనీస్ పర్వతాల వైపు చూస్తారు. అక్కడి కనుమలు పొడుగే గానీ చాలావరకు ఒక పద్ధతిగా ఉంటాయి. కాలికి కుదిరిన గేరు పట్టుకుని గంటసేపు అలా పోతూ ఉండొచ్చు. తార్న్‌లో కొండలు చిన్నవి. చిక్కల్లా చూడాలనుకున్న ప్రతి ఊరూ కొండ నెత్తిన కూర్చుని ఉండటమే. 13వ శతాబ్దం మొదట్లో కాథార్లనే క్రైస్తవ శాఖ వాళ్లని మతద్రోహులని వాళ్ల మీద చర్చి నడిపిన యుద్ధం ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. ఆ గొడవల మధ్యే 1222లో తూలూజ్ కౌంటు ఏడో రేమండ్ ఇక్కడ కొండ మీద కోర్డ్ ఊరికి పునాది వేశాడు. మబ్బుల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి 1993 నుంచి ఆ పేరుకి ‘సుర్ సియెల్’ (ఆకాశం మీద) అని కూడా తగిలించారు. శత్రువు సులువుగా రాకూడదని ఎంచుకున్న చోటికి సైకిల్ వాడు మాత్రం సులువుగా ఎలా పోతాడు? కింది నుంచి కోట ద్వారాల దాకా పోయే రాళ్లు పరిచిన వీధి ఒక్కటి చాలు, మనిషి సత్తా తేల్చడానికి.

నా పాత సైకిల్‌కి వెనక 28 పళ్లే. దాంతో ఆ వీధిలో సగంలోనే దిగిపోయేవాణ్ని. పెడల్‌కి బిగుసుకునే క్లీట్లున్న బూట్లతో రాళ్ల మీద టకటకమంటూ, ఐస్‌క్రీమ్ తింటున్న పర్యాటకులు జాలిగా చూస్తుంటే, సైకిల్‌ని నెట్టుకుంటూ పోవడం. యాభై దగ్గరపడుతున్న వయసు, డాక్టరు తగ్గించమన్న బరువు, మెట్లు దిగితే కలుక్కుమనే ఎడమ మోకాలు. వీటన్నిటితో కోర్డ్ మీదికి సీటు మీంచి లేవకుండా తొలిసారి ఎక్కిన రోజు పైన అంగడి అరుగుల దగ్గర కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. "అదేమన్నా ఎవరెస్టా?" అంది మా ఆవిడ. కాదు. కానీ నా మోకాలికి తెలుసు.

లెక్క చాలా సులువు. చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల పైన కొంచెం. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. నడకకన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ వేగానికి కాళ్లు మండవు, ఊపిరి ఆడుతుంది, తల పైకెత్తి చూడటానికి తీరిక ఉంటుంది. కోర్డ్ పెద్ద వీధిలో ‘వేటగాడి ఇల్లు’ అని ఒకటుంది. దాని పై అంతస్తు కిటికీల నడుమ గోడలోంచి పొడుచుకొచ్చినట్టు చెక్కిన బొమ్మలు: విల్లు ఎక్కుపెట్టినవాడు, కుక్కలు, అడవి పంది. పాత సైకిల్‌తో ఆ ఇంటి ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో, ఒక్కసారీ చూడలేదు. అప్పుడు నా చూపంతా ముందు చక్రం మీదే ఉండేది.

మా క్లబ్బులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన ఉన్నారు. నా క్యాసెట్ చూసినప్పుడల్లా "వెనక పిజ్జా పళ్లెం తగిలించుకొచ్చావా?" అంటారు. ఇక్కడ ఇదొక పాత పట్టుదల. గేరు మార్చడానికి చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది డెరైలర్. టూర్ ద ఫ్రాన్స్‌లో దాన్ని వాడనిచ్చింది 1937లో. అంతకుముందు ఆటగాళ్లు కొండ కింద ఆగి, వెనక చక్రం ఊడదీసి, అటువైపున్న పెద్ద పళ్లచక్రం ఇటు వచ్చేలా తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు. ఆ సంగతి గుర్తుచేస్తే ఆయన నవ్వి, "అందుకే వాళ్లు మొనగాళ్లు" అంటారు. ఎక్కుడు సగమయ్యేసరికి ఆ మొనగాడూ నా వెనకే ఉంటారనుకోండి.

ఇక ఆ ముక్క సంగతి. అక్టోబరు, సోమవారం, ఓటాన్ గాలి వీస్తోంది. ఆగ్నేయం నుంచి విసురు విసురుగా కొట్టే గాలి అది. దానికి మనుషులకి పిచ్చెక్కుతుందని ఇక్కడివాళ్లు సగం నవ్వుతూ, సగం నమ్ముతూ అంటారు. ప్యుయిసెల్సి అనే కొండ మీది ఊళ్లో గోడకి సైకిల్ ఆనించి రొట్టె తింటున్నాను. ఒక్క విసురుకి సైకిల్ కుడివైపుకి పడింది. కుడివైపంటే డెరైలర్ ఉన్న వైపు. లేపి చూస్తే చిన్న గీత తప్ప ఏమీ లేదు. రెండు మూడు గేర్లు మార్చాను, మారాయి. కొండ దిగి కాస్టెల్నో ద మోంమిరాల్ వైపు బయల్దేరాను. దారి పొడుగునా ఏ చప్పుడూ లేదు.

కాస్టెల్నో ఎక్కుడు మొదలైంది. 27, 30, తర్వాత అలవాటు కొద్దీ 34. కటకటమని చప్పుడు, ఆ వెంటనే పెడల్ బిగుసుకుపోయింది. పడకుండా కాలు నేలకి ఆనించి వెనక్కి చూస్తే డెరైలర్ స్పోకుల్లో ఇరుక్కుని పైకి తిరిగిపోయి ఉంది.

డెరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచేది హ్యాంగర్ అనే బొటనవేలంత అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు తానే వంగాలని, విరగాలని దాన్ని మెత్తగా చేస్తారు. నా సైకిల్ పడ్డప్పుడు అది కాస్త లోపలికి వంగింది. చైన్ చిన్న పళ్లచక్రాల మీద ఉన్నంతసేపూ డెరైలర్‌కీ స్పోకులకీ మధ్య చోటు చాలింది. ఆ చోటు అన్నిటికన్నా తగ్గేది చైన్ లోపలి అంచుకి పోయినప్పుడు. అంటే ఇందాకటి నుంచి నేను పొగుడుతున్న 34 మీదే.

పక్క ద్రాక్షతోటలోంచి ఒక రైతు వచ్చారు. "ఇల్లు దూరమా, మెస్యూ?" అన్నారు. తూలూజ్ అన్నాను. "అయితే దూరమే" అని వ్యానులోంచి పటకారు తెచ్చారు. ఆయన చక్రం పట్టుకుంటే నేను డెరైలర్ ఊడదీసి, చైన్ కత్తిరించి, ముందు చిన్న చైన్‌రింగ్ మీదా వెనక 19 పళ్ల మీదా బిగించాను. ఒకే గేరు. మధ్యలో సైకిల్ ఎంతని అడిగారు. సగం ధర చెప్పాను. దానికే తల పట్టుకున్నారు. ఇలాంటి ఫ్రేములో వెనక చక్రాన్ని జరిపి చైన్ బిగించుకునే వీలు లేదు. అందుకని చైన్ మాటిమాటికీ పక్కనున్న పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కి బిగుసుకుపోయేది. ఆగడం, దింపడం, మళ్లీ తొక్కడం. గయాక్ స్టేషన్ చేరేసరికి చేతులకి మోచేతుల దాకా గ్రీజు.

నా కోపమంతా ఆ తర్వాతి సంగతి మీద. సోమవారం కాబట్టి చాలా షాపులు మూత. తెరిచాక వెళ్తే హ్యాంగర్ లేదన్నారు. ఎందుకంటే ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, ఏ షాపువాడూ అన్నీ పెట్టుకోలేడు. ముప్పై యూరోలు కూడా చేయని ముక్క కోసం, ఎండ కాసిన చివరి వారాలన్నీ సైకిల్ గోడకి వేలాడింది. కొన్నప్పుడు పెట్టెలో బెల్లు ఇచ్చారు, రిఫ్లెక్టర్లు ఇచ్చారు, ఇన్ని భాషల్లో లావుపాటి పుస్తకం ఇచ్చారు. విరగడానికే చేసిన ముక్క ఇంకొకటి ఇవ్వడానికి చేతులు రాలేదు. ఇప్పుడు సీటు కింది సంచిలో ట్యూబుతో పాటు అదీ ఉంటుంది. సైకిల్ కుడివైపు పడితే, ఎంత బాగున్నట్టు కనిపించినా, 34 మీదికి వేసేముందు దిగి వెనక నుంచి ఒకసారి చూస్తాను.

పైన ఇంత మెచ్చుకున్నాను గానీ, 34 ఊరికే రాలేదు. క్యాసెట్‌లోని పదకొండు పళ్లచక్రాల్లోనే దానికి చోటు చేయాలి కాబట్టి మధ్యలో 12, 14 పళ్లవి ఎగిరిపోయాయి. 11 తర్వాత 13, ఆపైన 15, 17. కొండల్లో ఇది తెలీనే తెలీదు. తూలూజ్‌కి ఆగ్నేయంగా లోరగె వైపు, ఎదురుగా ఓటాన్ కొడుతుంటే తెలుస్తుంది: ఒక గేరు బరువు, దాని పక్కది మరీ తేలిక, కాలికి కుదిరేది ఆ రెంటి మధ్య లేనిది. ఇంకో సంగతి, వాన పడ్డ రాళ్ల మీద ఈ గేరులో లేచి తొక్కితే వెనక చక్రం జారుతుంది. సీటు మీద బరువు పెట్టి కూర్చునే తొక్కాలి.

దారుల గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట. చిన్న రోడ్లలో కార్లు తక్కువ. ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలని చట్టం, చాలామంది వదులుతారు కూడా. మధ్యాహ్నం రొట్టెల కొట్టు కూడా మూసేస్తారు, పన్నెండు లోపే కొనుక్కోండి. నీళ్లు అయిపోతే శ్మశానం వెతకండి, చాలాచోట్ల కుళాయి ఉంటుంది. తాగకూడదని బోర్డు లేకపోతే నింపుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి వికారాబాద్ అనంతగిరి దాకా తొక్కే మా పిన్ని కొడుకు, తనూ ఇలాంటిదే కొననా అని అడిగాడు. వాడికి ముప్పై ఏళ్లు, అరవై కిలోలు, రెండు మోకాళ్లూ భేషుగ్గా ఉన్నాయి. వద్దన్నాను. వాడి దారిలో చదునే ఎక్కువ, 28 చాలు. నాలాంటి శరీరమూ కోర్డ్ లాంటి ఊళ్ల మీద మోజూ ఉన్నవాళ్లకైతే కళ్లు మూసుకుని చెబుతాను, హ్యాంగర్ రెండు తీసుకోమని మాత్రం మరీ మరీ చెబుతాను. నేనైతే ఈ చలికాలం చదును దారుల కోసం 28 పళ్ల క్యాసెట్ ఇంకో చక్రానికి వేయించుకుందామని చూస్తున్నాను. చైన్ పొడుగు సరిచూసుకోవాలి. ఇంకో చక్రం అంటే ఎంతవుతుందో ఇంట్లో ఇంకా చెప్పలేదు.