రాయి తగిలితే ఏం విరగాలి? క్రోన్ సేఫ్‌కట్ హబ్బు రివ్యూ

మన రోటవేటర్ షాఫ్టుకి షియర్ బోల్టు (దెబ్బ తగిలితే తను తెగి యంత్రాన్ని కాపాడే బోల్టు) ఎందుకుంటుందో ట్రాక్టర్ నడిపే ప్రతివాళ్లకీ తెలుసు. జర్మనీలోని స్పెల్లెకి చెందిన క్రోన్ కంపెనీ గడ్డి కోసే ఈజీకట్ డిస్క్ మోవర్లలో (ఒక బార్ మీద వరసగా తిరిగే బ్లేళ్ల డిస్కులుండే యంత్రాల్లో) అదే పనిని ఒక్కో డిస్కు దగ్గర విడివిడిగా చేయించింది. ఆ ఏర్పాటు పేరే సేఫ్‌కట్. షియర్ బోల్టు తెగితే యంత్రం మొత్తం ఆగిపోతుంది. ఇక్కడ దెబ్బ తిన్న డిస్కు ఒక్కటే పక్కకు తప్పుకుంటుంది, అదీ పైకి లేచి.

పైకే ఎందుకు లేవాలి? డిస్కులు నిమిషానికి దాదాపు 3,000 చుట్లు తిరుగుతాయి. మధ్యలో గడ్డి మిగలకుండా పక్కపక్క డిస్కుల బ్లేళ్లు ఒకదాని దారిలోకి ఒకటి వస్తూ పోతుంటాయి. ఇవి గుద్దుకోకుండా కాపాడేది గేర్ల టైమింగే. ఒక డిస్కు రాయికి తగిలి ఆగిందంటే, మిగతా డిస్కుల ఊపంతా దాన్ని తిప్పే ఒక్క చిన్న గేరు, అంటే పినియన్ పళ్ల మీద పడుతుంది. పీటీఓ (ట్రాక్టర్ నుంచి యంత్రానికి శక్తినిచ్చే షాఫ్టు) దగ్గరి క్లచ్ జారేలోపే పళ్లు రాలిపోతాయి. అడ్డు తగిలితే బార్‌ని వెనక్కి వాల్చే బ్రేక్‌అవే అనే ఏర్పాటు ఫ్రేమ్‌ని మాత్రమే కాపాడుతుంది, దానికి గేర్లతో పని లేదు.

సేఫ్‌కట్‌లో పినియన్ షాఫ్టు పైభాగాన మర (నట్టు ఎక్కే చుట్ల గాడి) ఉంటుంది. డిస్కుని మోసే హబ్బుని షాఫ్టుకి పట్టి ఉంచేవి షియర్ పిన్నులు. దెబ్బకి అవి తెగగానే డిస్కు ఆగుతుంది గానీ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. దాంతో హబ్బు నట్టులా మర మీద పైకెక్కి, పక్క బ్లేళ్ల దారి నుంచి తప్పుకుంటుంది. ఆలోచన చాలా చక్కగా ఉంది. కానీ రిపేరులో జనం తప్పు చేసేదీ ఈ మర దగ్గరే.

కుడికి తిరిగే డిస్కుకి కుడి మర, ఎడమకి తిరిగేదానికి ఎడమ మర ఉంటాయి. షాఫ్టు, నట్టు మార్చేటప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి బిగించారా, తర్వాత దెబ్బకి హబ్బు పైకి లేవడానికి బదులు కిందికి, బార్ మీదికి దిగుతుంది. ఎడమ మర భాగాల మీద గుర్తు ఉంటుంది. చెయ్యి పెట్టేముందు దాన్ని చూడాలి.

పిన్ను తెగిన సంగతి సీట్లో కూర్చున్నవాళ్లకి ఒక్కోసారి తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే కోత మధ్యలో ఒక చారలాగా గడ్డి నిలబడి ఉంటుంది. అప్పుడు పీటీఓ ఆపి, ఇంజన్ కట్టేసి, తాళంచెవి బయటికి తీసి, డిస్కులన్నీ పూర్తిగా ఆగేదాకా ఆగండి. ఊపు మీద ఇవి చాలాసేపు తిరుగుతాయి. తర్వాత డిస్కు విప్పి, తెగిన పిన్ను ముక్కలన్నీ పంచ్‌తో కొట్టి బయటికి తీయాలి. మర తుడిచి, హబ్బుని కిందికి దింపి, మాన్యువల్‌లో చూపిన దిశలోనే కొత్త పిన్నులు కొట్టాలి. నట్టు టార్క్ రెంచితో బిగించాలి. దెబ్బ తిన్న డిస్కుకి బ్లేళ్లు రెండూ కలిపి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగిపోయింది ఉంటే ఆ వణుకుకి బేరింగు పోతుంది. బ్లేడు మీది బాణం గుర్తు డిస్కు తిరిగే దిశలోనే ఉండాలి. చివర్లో డిస్కుల్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, పక్క బ్లేళ్లకి ఎక్కడా తగలట్లేదని చూశాకే పీటీఓ వేయాలి.

పిన్ను దొరకలేదని డ్రిల్ బిట్టు ముక్కో, గట్టి బోల్టో దూర్చేవాళ్లున్నారు. అలా చేస్తే ఈ హబ్బుకి పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే. టూల్‌బాక్సులో కంపెనీ పిన్నులు నాలుగైదు జతలు పడేసుకోండి.

మిగతా కంపెనీల దారులు వేరు. కూన్ వాళ్ల ప్రొటెక్టాడ్రైవ్‌లో షాఫ్టునే ఒక గాడి దగ్గర బలహీనంగా ఉంచారు, దెబ్బకి అక్కడ విరుగుతుంది. గేర్లు భద్రమే గానీ, మార్చాల్సింది పిన్ను కాదు, షాఫ్టు. న్యూ హాలండ్ షాక్‌ప్రోలో బలయ్యేది హబ్బు. వాళ్ల మాడ్యులర్ బార్‌లో ఒక్కో డిస్కు మాడ్యూల్‌కి దాని ఆయిల్ దానిదే కాబట్టి, ఒకచోట రాలిన ఇనుప రజను పక్క గేర్లలోకి పోదు. ఈ ఒక్క విషయంలో మార్కులు దానికే. పొలంలో నిలబడి చేసే రిపేరుకైతే క్రోన్ పిన్నే సులువు, చవక.

సేఫ్‌కట్ అన్నిటినీ ఆపలేదు. చిన్న రాళ్ల దెబ్బలు పిన్నుని తెంచవు. అవి బ్లేడు బోల్టుల్ని, డిస్కు అంచుల్ని, బార్ కింద నేల మీద జారే స్కిడ్ షూలని నెమ్మదిగా తినేస్తాయి. రాళ్ల పొలంలో టాప్ లింక్ (ట్రాక్టర్‌ని, మోవర్‌ని కలిపే పై కడ్డీ) బాగా బిగించి బార్ ముక్కుని నేలకి వంచితే రాళ్లు ఏరుకుంటున్నట్టే. టాప్ లింక్ కాస్త వదిలి, ఎత్తు స్కిడ్లు వేసి, 7 సెంటీమీటర్ల దాకా వదిలి కోయండి. పశువుల మేతలోకి మట్టి కూడా తక్కువ పోతుంది.

పాత మోవర్ కొనేవాళ్లు ముందు ఆ మోడల్‌లో సేఫ్‌కట్ ఉందో లేదో కనుక్కోండి. తర్వాత ఒక్కో డిస్కునీ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఊగితే బేరింగు పోయినట్టే. వీలైతే బార్ ఆయిల్ కొంచెం తీయించి, అందులో అయస్కాంతం ముంచి చూడండి. మెత్తటి బూడిద రంగు పూతలాంటిది అంటుకుంటే మామూలు అరుగుదలే. గోటికి తగిలేంత రేకులు అంటుకున్నాయంటే, ఎవరో పిన్ను బదులు బోల్టు దూర్చి నడిపి ఉండొచ్చు.