ఎన్‌హెచ్ 44: హైదరాబాద్ నుంచి శ్రీనగర్ దాకా ఎక్కడ ఆగాలి

కారులో శ్రీనగర్ వెళ్ళేవాళ్ళు మామూలుగా కిలోమీటర్లు లెక్కేసి రాత్రి మజిలీలు పెట్టుకుంటారు. ఎన్‌హెచ్ 44 మీద ఆ లెక్క జమ్మూ దాకానే పనికొస్తుంది. ఇది ఒక్కసారిగా వేసిన రోడ్డు కాదు. 2010లో నంబర్లు మార్చినప్పుడు పాత 1ఏ, 1, 2, 3, 75, 26, 7 హైవేల ముక్కల్ని కలిపి ఒకే పేరు పెట్టారు. అందుకే కింద నేల మారినప్పుడల్లా రోడ్డు తీరూ మారుతుంది.

ముందు ఫాస్టాగ్ వార్షిక పాస్ సంగతి చూసుకోండి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది. ఏడాది లేదా 200 టోళ్ళు, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. సొంత బండ్లకే. మన ఔటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాదు, అక్కడ విడిగా కట్టాల్సిందే. బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి.

నిర్మల్ దాకా హాయిగా సాగుతుంది. ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ వైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. కింద మట్టి మార్చడమో, సున్నం కలిపి గట్టిపరచడమో సరిగ్గా చేయకపోతే పైన ఎంత మందంగా తారు వేసినా రోడ్డు అలలు తేలుతుంది. వంతెనల మొదట్లో ఇంకా జాగ్రత్త. వంతెన పునాది గట్టి నేలలో ఉంటుంది కాబట్టి దిగదు, దాని ముందు పోసిన మట్టికట్ట మాత్రం మెల్లగా కుంగుతుంది. ఆ అతుకు దగ్గర రెండంగుళాల తేడా ఉన్నా వేగంగా వచ్చే కారు ఎగిరిపడుతుంది. వానాకాలం రాత్రుళ్ళు ఇక్కడ 80 దాటకపోవడమే మంచిది. టిఫిన్ ఆదిలాబాద్‌లోనే కానివ్వండి, అవతల ఇడ్లీ బదులు పోహాయే ఎక్కువ.

మొదటి రాత్రికి నాగ్‌పూర్‌లో గదులు చవక, కానీ ఊళ్ళోకి వెళ్ళి రావడానికే చాలా సమయం పోతుంది. ఓపికుంటే ఇంకాస్త ముందుకెళ్ళి ఖవాసా దగ్గర పక్కకు తిరిగి తురియాలో దిగండి. మధ్యప్రదేశ్ టూరిజం వాళ్ళ కిప్లింగ్స్ కోర్ట్ అక్కడే ఉంది. పక్కనే ఉన్న పెంచ్ పులుల అడవిలో లోపలి భాగాన్ని (కోర్) జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూసేస్తారు, సఫారీ కోసమైతే ఆ నెలల్లో వెళ్ళొద్దు.

దేశంలో రోడ్డు వేసే ప్రతి ఇంజినీరూ చూడాల్సింది ఈ అడవి ముక్క. మహారాష్ట్ర వైపు జంతువులు కింద నుంచి దాటేందుకు తొమ్మిది కట్టడాలు కట్టారు. వాటిలో పెద్దవి 750 మీటర్ల పొడవు. 2019లో పెట్టిన కెమెరాల్లో పులులతో సహా 18 జాతులు దాటుతూ కనిపించాయి. మధ్యప్రదేశ్ వైపు రోడ్డంచున ఎత్తైన రేకు గోడలు ఉంటాయి. హారన్ మోత, హెడ్‌లైట్ వెలుగు అడవిలోకి పోకుండా కట్టినవవి. ఫొటోల కోసం వాటి పక్కన బండి ఆపొద్దు.

సాగర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా పంజాబ్ దాకా చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. గ్వాలియర్‌లో కోట చూసే తీరిక ఉంటేనే ఆగండి.

జమ్మూ దాటాక రాత్రికి ఉధంపూర్‌లో ఉండండి, ట్యాంకు నింపుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒకటి చేతిలో ఉండాలి. ఏ వైపు బండ్లు ఏ వేళ వరకు వదులుతారో ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూశాకే గది ఖాళీ చేయండి. 2017లో తెరిచిన చెనానీ–నశ్రీ సొరంగం 9 కిలోమీటర్ల పైచిలుకు, పట్నీటాప్ ఎక్కే పని తప్పించింది. 2021లో వచ్చిన బనిహాల్–ఖాజీగుండ్ సొరంగం 8.45 కిలోమీటర్లు. 1956 నాటి జవహర్ సొరంగం కన్నా సుమారు 400 మీటర్లు దిగువన ఉండటంతో మంచు బెడద బాగా తగ్గింది.

ఈ రెంటి మధ్యనున్న రాంబన్–బనిహాల్ ముక్కే కష్టం. అక్కడి కొండలు పొరలు పొరలుగా విడిపోయే మెత్తని రాయి. వెడల్పు కోసం పాదం కోస్తే పైభాగం జారుతుంది. 2022 మేలో ఖూనీనాలా దగ్గర తవ్వుతున్న సొరంగం కూలి పది మంది కూలీలు చనిపోయారు. మనం సాఫీగా వెళ్ళే దారికి వాళ్ళు ప్రాణాలే ఇచ్చారు. వాన పడుతుంటే రాంబన్ దాటే సాహసం వద్దు, ఉధంపూర్‌లోనే ఇంకో రోజు ఉండిపోండి. గది అద్దె పోతే పోనీ. ఖాజీగుండ్ చేరితే శ్రీనగర్ దాకా అంతా చదునే.