రోమ్‌లో టికెట్ అక్కర్లేని కరవాజియో

రోమ్ అనగానే అందరికీ వాటికన్ మ్యూజియం టికెట్ల టెన్షన్. చూడాల్సిందే, కాదనను. కానీ అక్కడి సిస్టైన్ చాపెల్‌లో, మైకెలాంజెలో పైకప్పు బొమ్మల కోసం ఆ తోపులాటలో మెడ పైకెత్తి ఎంతసేపని నిలబడతాం? ఆ ఊళ్లో నన్ను కదలనివ్వని బొమ్మ పియాజ్జా నవోనా దగ్గర సాన్ లుయీజీ దేయి ఫ్రాన్చేజీ చర్చిలో ఉంది. లోపలికి వెళ్లడానికి పైసా కట్టక్కర్లేదు.

ఎడమ పక్క చిట్టచివర కాంటరెల్లి చాపెల్. అక్కడే 1599-1600లో ఇటలీ చిత్రకారుడు కరవాజియో వేసిన 'మత్తయికి పిలుపు', దాదాపు 11 అడుగుల వెడల్పున్న తైలవర్ణ చిత్రం. చాపెల్ చీకటిగా ఉంటుంది. పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, కాసేపటికే ఆరిపోతుంది. ఇక జనమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే! చిల్లర దగ్గర పెట్టుకుని వెళ్లండి. బొమ్మ ఎడమ గోడకుంది కాబట్టి కటకటాల దగ్గర కుడివైపు నిలబడితే బాగా కనిపిస్తుంది.

సుంకపు మెట్టు (పన్ను వసూలు చేసే చోటు) దగ్గర కూర్చున్న మత్తయిని యేసు "నన్ను వెంబడించుము" అని పిలవడం సువార్తలో ఒక్క వచనం. కరవాజియో దాన్ని తన కాలపు దుస్తుల్లో, బల్ల చుట్టూ డబ్బు లెక్కపెట్టుకునే మనుషులతో గీశాడు. యేసును ఆయన శిష్యుడు పేతురు చాలావరకు అడ్డేశాడు. మనకు కనిపించేది ముఖం, చాచిన చెయ్యి, తల మీద సన్నటి వలయం. ఆ చెయ్యి సిస్టైన్ చాపెల్ పైకప్పు మీది ఆదాము చేతిని గుర్తుచేస్తుంది. బల్ల దగ్గరున్న గడ్డాయన "నన్నా?" అన్నట్టు వేలు చూపిస్తాడు, ఆయనే మత్తయి అంటారు. కాదు, తల వంచుకుని నాణేలు లెక్కపెడుతున్న కుర్రాడే మత్తయి అనేవాళ్లూ ఉన్నారు. నా ఓటు గడ్డాయనకే.

బస విషయానికొస్తే, తెర్మినీ స్టేషన్ దగ్గర గదులు చవక. మేం దిగిన చోట లిఫ్టులో పెట్టె పడితే మనిషి పట్టడు, సిటీ ట్యాక్స్ విడిగా వసూలు చేశారు. చర్చి మధ్యాహ్నం మూసేస్తారు. ఈ సందుల్లోకి మెట్రో లేదు. స్టేషన్ నుంచి వచ్చే 64వ నంబరు బస్సులో జేబుదొంగల భయం. అందుకే ఖర్చు కాస్త ఎక్కువైనా చర్చికి దగ్గర్లోనే ఉన్న పాంథియాన్ అనే ప్రాచీన ఆలయం చుట్టుపక్కల దిగడమే మేలనిపించింది. పొద్దున్న, సాయంత్రం రెండుసార్లూ నడిచి వెళ్లిరావచ్చు. కాఫీ నిలబడే తాగండి, టేబుల్ దగ్గర కూర్చుంటే రేటు మారిపోతుంది.

ఇంకో పూట ఖాళీ ఉంటే మెట్రోలో ఫ్లమీనియో దిగి సాంతా మరియా దెల్ పోపోలో చర్చికి వెళ్లండి. కరవాజియో వేసిన పౌలు గుర్రం మీంచి పడటం, పేతురు సిలువ బొమ్మలు రెండూ అక్కడే, ఎదురెదురుగా.